రోల్ నంబర్ నలభై ఏడు

మహబూబ్‌నగర్,
20 ఫిబ్రవరి 2022

నార్కట్‌పల్లిలో పొయ్యి ముందు చెమటలు తుడుచుకుంటున్న మా అత్తమ్మకు నమస్తే.

ఈ కాలంలో ఉత్తరం ఏమిటని నవ్వకు. మొన్న నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావు. నాలుగుసార్లూ ఫోన్ నా చేతిలోనే ఉంది. అది మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎత్తాలనే ఉంటుంది, ఎత్తలేను. ఎందుకని అడిగితే నాకే సరిగ్గా తెలియదు. పెళ్లికి ముందు నువ్వు భివండి పోయిన మగ్గం పనివాళ్ల ఇళ్లకు వెళ్లి ఉత్తరాలు రాసిపెట్టేదానివని బాపు చెప్పేవాడు. అందుకే నీకైతే ఉత్తరం రాయవచ్చనిపించింది. ఇకమీదట మనం ఇట్లానే మాట్లాడుకుందాం, జర ఒప్పుకో.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరి మూడు వారాలయింది. పీజీ కాలేజీ హాస్టల్‌లో రెండో అంతస్తులో గది. నాతో ఉండే అమ్మాయి మమత, దేవరకొండ వాళ్లది. పొద్దున క్లాసుకు ఒక్కరోజూ లేవదు. అయినా హాజరు మాత్రం పూర్తిగా పడుతుంది. ముందు బెంచీలో పూజ అనే అమ్మాయి మమత నంబరు రాగానే గొంతు మార్చి తనే పలుకుతుంది. డెబ్బై మందిమి, అందరికీ మాస్కులు. సార్లు తల ఎత్తకుండా నంబర్లు పిలుచుకుంటూ పోతారు.

మెస్సులో పప్పు బాగుంటుంది. అందరూ తిని వెళ్లాకే నేను వెళ్తాను కాబట్టి అడుగున గట్టి పప్పు నాకే దొరుకుతుంది.

ఒక్క సంగతి. క్లాసులో నన్ను పిలిచినప్పుడల్లా గొంతు పట్టేస్తోంది. నోరు తెరిస్తే గాలి వస్తుంది గానీ మాట రాదు. బాపుకు చెప్పకు.

నీ కోడలు,
స్నిగ్ధ


నార్కట్‌పల్లి,
28 ఫిబ్రవరి 2022

మా వంశంలో మొదటి ఎమ్మెస్సీ అయిన కోడలికి మేనత్త యాదలక్ష్మి దీవెనలు.

నీ ఉత్తరం పట్టుకొచ్చిన పోస్టుమ్యాన్ గోపయ్య, "గీ కాలంల ఉత్తరమేంది యాదక్కా, కోర్టు కాయితమేమో జర చూస్కో" అని నా గుండె జారగొట్టాడు. విప్పి చూస్తే నీ చేతిరాత. ముత్యాల్లాంటి రాత. 'చ్చ' రాసేటప్పుడు కింది ఒత్తుకు చిన్న తోక తిప్పుతావు, అది మా నాయిన అలవాటు. నువ్వు పుట్టకముందే పోయిన మనిషి రాత నీకెట్లా వచ్చిందో!

గొంతు పట్టేసిందంటే ఎందుకు పట్టదు? హాస్టల్ నీళ్లు, పొద్దునే చన్నీళ్ల స్నానం. శొంఠి, మిరియాలు దంచి సీసాలో పంపుతున్నాను. రాత్రి పాలలో వేసుకొని తాగు. వారంలో తగ్గకపోతే దవాఖానలో గొంతు డాక్టరుకు చూపించు. సిగ్గుపడకు.

పిలిస్తే మాత్రం గట్టిగా పలకాలి బిడ్డా. మా హోటల్ ముందు రాత్రింబగళ్లు లారీల హారన్లే. అయినా నేను "రెండు పూరీ" అని కేకేస్తే చిట్యాలలో వినబడుతుందని మీ మామ కాటమయ్య ఏడిపిస్తాడు. ఆ గొంతులో సగమైనా నీకు రాకపోతే మన ఇంటి పేరు పోతుంది.

ఫోన్ ఎత్తనందుకు కోపం లేదు. నా ఫోన్ ఎప్పుడూ శనగపిండి డబ్బా మీదే ఉంటుంది, సగం మాటలు నాకూ వినబడవు. ఉత్తరమే నయం, మధ్యాహ్నం రద్దీ తగ్గాక తీరిగ్గా రెండుసార్లు చదువుకోవచ్చు.

మీ అత్తమ్మ


మహబూబ్‌నగర్,
18 మార్చి 2022

శొంఠి సీసాతో నా ముక్కు ఊడగొట్టిన అత్తమ్మకు,

మమత ఆ పొడి వాసన చూసి పావుగంట తుమ్మింది. నాకు జలుబు లేదు, దగ్గు లేదు. డాక్టరు టార్చి వేసి చూశాడు, గొంతులో ఏమీ లేదన్నాడు. నేను నీకు సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పలేనేమో.

ఇక్కడ అందరూ అందరితో ఎట్లా మాట్లాడుతున్నారో చూస్తుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. క్యాంటీన్‌లో తెలియనివాళ్ల పక్కన కూర్చొని నవ్వుతారు. ఆ మాటలు వాళ్లకు ఎక్కడి నుంచి వస్తాయో! నేను ఒక్క మాట అనాలంటే ముందు రాత్రే అనుకోవాలి. అనుకున్నాక పొద్దున ఆ మాటకు అవసరమే రాదు.

క్లాసులో నాతో మాట్లాడేది మహేష్ ఒక్కడే. వారానికి రెండుసార్లు వచ్చి నోట్‌బుక్ అడుగుతాడు. నేను ఇస్తాను. సాయంత్రం తెచ్చి ఇచ్చి "థాంక్స్" అంటాడు. దానికేం అనాలో తెలియక తల ఊపుతాను.

నువ్వు ఫికర్ చేయకు. నాకొక జాగా దొరికింది. అక్కడ కూర్చుంటే నన్ను ఎవరూ చూడరు. పొద్దున తొమ్మిదికి వెళ్లానంటే ఒంటిగంట దాకా అక్కడే. ప్రాణం నిమ్మళంగా ఉంటుంది. మధ్యాహ్నం మాత్రం ల్యాబు, అక్కడ అంత భయం లేదు, రిజిస్టర్‌లో సంతకం పెడితే చాలు.

ఎండలు మొదలయ్యాయి. మామను మిట్టమధ్యాహ్నం కూరగాయలకు పంపకు.

స్నిగ్ధ


నార్కట్‌పల్లి,
4 మే 2022

స్నిగ్ధా,

ఈ ఉత్తరానికి దీవెనలు రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న మధ్యాహ్నం మీ బాపు ఫోన్ చేశాడు. నా తమ్ముడు ఏడవగా నేను విన్నది మా అమ్మ పోయినరోజు ఒక్కటే. నిన్న మళ్లీ విన్నాను. "అక్కా, బిడ్డ చెయ్యి దాటిపోయింది" అన్నాడు. చౌటుప్పల్ ఇంటికి మీ కాలేజీ కాయితం వచ్చిందట. క్లాసుల్లో నీ హాజరు నూటికి ముప్పై ఒకటి. కనీసం అరవై ఐదు లేకపోతే పరీక్ష రాయనివ్వరట, ఏడాది పోతుందట. మధ్యాహ్నం ల్యాబుకు మాత్రం ఒక్కరోజు కూడా తప్పలేదట! అంటే ఊళ్లోనే ఉన్నావు, పొద్దున క్లాసు ఎగ్గొట్టావు, మధ్యాహ్నానికి వచ్చావు. మీ బాపు కంపెనీలో సెలవు పెట్టి పరుగెత్తుకొచ్చి హాస్టల్ మెర్సీ మేడమ్‌ను అడిగితే, "పొద్దుగాల తొమ్మిదింటికి అందరికన్న ముందు బయటకు పోతది" అన్నదట. నిన్ను నిలబెట్టి అడిగితే నేల చూస్తూ నిలబడ్డావట. అరగంట! ఒక్క మాట లేదట!

నేను పూరీ కాల్చుతూ ఈ మాటలు విన్నాను. జల్లిగరిటె చేతిలోంచి జారిపోయింది. నూనెలో పూరీ బొగ్గయింది.

నీ పాత ఉత్తరం తీసి మళ్లీ చదివాను. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఎవరూ చూడని జాగా అని నువ్వే రాశావు. ఏ జాగా అది? ఎవరితో? నీతో మాట్లాడేది మహేష్ ఒక్కడే అనీ నువ్వే రాశావు. ఎవడు ఈ మహేష్? మీ బాపుకు నీ ఆ ఉత్తరం సంగతి ఇంకా చెప్పలేదు. చెప్తే ఈ పూటే వచ్చి నీ సామాను ఎత్తుతాడు. కంపెనీలో ప్యాకింగ్ పని మాట్లాడాడట. "సదువు సాలు, నా కండ్ల ముందల ఉంటది" అంటున్నాడు. పదిహేను రోజులు ఆగమని వాడి చేతులు పట్టుకున్నాను.

నేను నిన్ను నమ్మి గొప్పలు చెప్పుకున్నాను. హోటల్‌కు వచ్చే ప్రతి డ్రైవరుకూ మా కోడలు ఎమ్మెస్సీ అని చెప్పాను. నిజం రాయి. అది ఎంత చెడ్డదైనా సరే రాయి.

యాదలక్ష్మి


మహబూబ్‌నగర్,
9 మే 2022

అత్తమ్మా,

నువ్వు కూడానా? బాపు అరిచినప్పుడు అంత బాధ కాలేదు. నీ ఉత్తరం చదివాక మాత్రం అన్నం ముందు నుంచి లేచిపోయాను.

ఆ నాలుగు గంటలూ నేను క్లాసులోనే ఉన్నాను. ప్రతిరోజూ ఉన్నాను. ఒక్క క్లాసు కూడా మానలేదు.

ఎవరూ చూడని జాగా అంటే క్లాసులో చివరి వరుస, స్తంభం వెనక బెంచీ. సార్లు నంబర్లు పిలుస్తారు. నాది నలభై ఏడు. ముప్పై దగ్గరి నుంచే నాకు చెమటలు పడతాయి. నలభై అనగానే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. "ఫార్టీ సెవెన్" అంటారు. నేను పలుకుతాను అత్తమ్మా, పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. ఒక్క క్షణం ఆగుతారు. అప్పుడు చెయ్యి ఎత్తితే డెబ్బై మంది వెనక్కి తిరిగి చూస్తారు. నేను ఎత్తలేను. ఆబ్సెంట్ వేసి నలభై ఎనిమిది అంటారు. ఆ తర్వాత గంటసేపు నేను హాయిగా పాఠం రాసుకుంటాను. ముప్పై ఒకటి ఎట్లా వచ్చిందంటే, కొన్నిరోజులు సారు లేక కాగితం తిప్పి సంతకాలు తీసుకున్నారు. అవే నావి.

నీకు ఏమైంది, ఎవరేమన్నారు అని అడుగుతావు. ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ జరగలేదు. డిగ్రీలో రెండేళ్లు కరోనా క్లాసులు ఫోన్‌లోనే కదా. మన రెండు గదుల ఇల్లు నీకు తెలుసు. బాపుది నైట్ షిఫ్ట్, పగలంతా నిద్ర. నేను మాట్లాడితే లేస్తాడని మైకు తీసేసి, వీడియో ఆపేసి వినేదాన్ని. హాజరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అని టైప్ చేసేదాన్ని. అమ్మ కూడా గిన్నె చప్పుడు కాకుండా తోమేది. రెండేళ్లు నా వేళ్లే పలికాయి. తర్వాత గొంతు తనే వస్తుందనుకున్నాను. రాలేదు. అంతే, ఇంకేం లేదు. బాపు కంపెనీ పని చేయకపోతే మా ఫీజులు ఎవరు కడతారు? నువ్వు ఆయన్ని ఏమీ అనవద్దు.

మహేష్‌కు నా పేరు కూడా తెలియదనుకుంటా. "ఓ మేడమ్" అని పిలుస్తాడు. నోట్‌బుక్ కోసమే.

ఆ నోట్‌బుక్‌లో రోజూ తేదీ వేసి దాని కింద 'వచ్చిన' అని రాసుకుంటాను. పలకలేనిది రాసుకుంటే కొంచెం నయంగా ఉండేది. ఇది చూపిస్తే నమ్ముతారా? ఎవరైనా ఇంట్లో కూర్చొని కూడా రాసుకోవచ్చు కదా. పైగా చూపించాలంటే హెచ్‌ఓడీ గదికి వెళ్లాలి. వెళ్లి చెప్పాలి. చెప్పగలిగితే ఈ గొడవే లేదు.

స్నిగ్ధ


నార్కట్‌పల్లి,
19 మే 2022

నా బంగారు బిడ్డకు, సిగ్గుతో తల వంచుకున్న మేనత్త రాసేది.

నీ ఉత్తరం చదివి చాలాసేపు కదలలేకపోయాను. బిల్లు కట్టేందుకు నిలబడినాయన "ఏమ్మా, పానం బాగలేదా?" అని అడిగాడు. క్లాసులో కూర్చొని కూడా రానిదానివి అయ్యావా బిడ్డా! ఇట్లాంటిది నా యాభై రెండేళ్లలో వినలేదు. గొంతు పట్టేసిందంటే శొంఠి పంపాను. నా తెలివికి ఏం పెట్టి కొట్టుకోవాలి?

మీ బాపును పిలిపించి ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. నైట్ షిఫ్ట్ మాట దగ్గర ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది. "నేను పండుకుంటే నా బిడ్డ నోరు మూస్కున్నదా అక్కా" అన్నాడు.

మంగళవారం ఇద్దరం నల్లగొండ, దేవరకొండ, జడ్చర్ల బస్సులు మారి మీ కాలేజీకి వచ్చాం. అవును, వచ్చాం. నీకు చెప్పలేదు. గేటు పక్కన జిరాక్స్ దుకాణం దగ్గర నీడకు నిలబడితే అక్కడొక కట్ట కనబడింది. పైన కాయితం చూసి నా కళ్లు నేనే నమ్మలేదు. ఇంగ్లీషు నాకేం తెలుస్తుంది గానీ, మూలన తేదీ, దాని కింద 'వచ్చిన'. ఒత్తు కింద తోక. మా నాయిన తోక! "గిది ఎవరిదయ్యా?" అని అడిగాను. "ఎవలదో తెల్వదమ్మా. కెమిస్ట్రీ పోరగాళ్లందరు గిదే తీస్కపోతరు. గిప్పటికి నలభై సెట్లు కొట్టిన" అన్నాడు. మీ బాపు ఆ కాయితం పట్టుకొని చూశాడు. కన్నతండ్రికి కూతురి రాత తెలియదు. నేను చెప్తే నమ్మాడు.

తర్వాత మీ క్లాసు వరండాలోకి వెళ్లాం. కిటికీలోంచి చూశాం. స్తంభం వెనక నువ్వు. సారు నంబర్లు పిలుస్తున్నాడు. నలభై ఏడు అన్నాడు. నీ మాస్కు కదిలింది బిడ్డా, నా రెండు కళ్లతో చూశాను. శబ్దం రాలేదు. సారు ముందుకు పోయాడు. మీ బాపు కిటికీ ఊచ పట్టుకొని "ఉన్నది సార్!" అని అరవబోతే నోరు నొక్కాను. అరిస్తే డెబ్బై మందీ నిన్నే చూస్తారు కదా.

హెచ్‌ఓడీ కమలాకర్ సారు గదికి వెళ్లాం. "ఎవరమ్మా మీరు?" అన్నాడు. నవ్వకు, నా గొంతు పోయింది. లారీ హారన్లను మింగే గొంతు! నాలుక అంగిట్లో అతుక్కుంది. అప్పుడు తెలిసింది నీకు రోజూ ఎట్లా ఉంటుందో. జిరాక్స్ కాయితాలు బల్ల మీద పెట్టాను. నీళ్లిచ్చారు, తాగాక మాట వచ్చింది. అంతా చెప్పాను. "నోట్స్ ఎవరైనా రాసుకోవచ్చమ్మా" అన్నాడు. "సార్, మాది హోటలు. తిన్నోళ్లు తిన్నమని కేకేసి చెప్పరు. ఎంగిలి ఇస్తారాకు చూసి నేను లెక్కపెడ్త. మీరు పెట్టిన అన్నం తిన్న ఇస్తారాకు గిది. ఏ దినం ఏం వడ్డించిన్రో మీ తాన రాసి ఉంటది గద, కలిపి చూడున్రి" అన్నాను. సారు చాలాసేపు కాయితాలు తిరగేశాడు. తను పాఠం చెప్పిన రోజు తేదీ తీసి, డైరీతో కలిపి చూసి, కళ్లజోడు తీసేశాడు. "ఈ జోక్ కూడా రాసుకుందా?" అన్నాడు. ఆ రోజు ఆయన క్లాసులో ఏదో జోక్ వేశాడట, ఎవరూ నవ్వలేదట. "ఈ అమ్మాయి నా ముందే ఉందా?" అని రెండుసార్లు అన్నాడు. మిగతా సార్ల డైరీలతో కూడా పోల్చి చెప్తానన్నాడు. మాట ఇవ్వలేదు గానీ కొట్టిపారేయలేదు.

నిన్ను కలవకుండానే వచ్చేశాం. మీ బాపు సామాను సంగతి మళ్లీ ఎత్తలేదు.

నిన్ను అనరాని మాట అన్నాను. ఆ నాలుగో తేదీ ఉత్తరం చింపేయి.

అత్తమ్మ


మహబూబ్‌నగర్,
8 జూన్ 2022

మా అత్తమ్మకు,

నాలుగో తేదీ ఉత్తరం చింపలేదు. అందులో పూరీ బొగ్గయిన సంగతి ఉంది, అది నాకు కావాలి. బాపు కిటికీ దగ్గర నిలబడ్డాడని చదివి బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

కమలాకర్ సారు నా ఐదు నోట్‌బుక్కులూ తెప్పించుకున్నారు. నలుగురు సార్లు డైరీలతో పోల్చి, వాటిలో వివరంగా రాసి ఉన్న రోజులకు మాత్రం హాజరు సరిచేశారు. ఒక సారు మాత్రం "పలకనివాళ్లకు హాజరు ఎట్లా వేస్తాం, రేపు అందరూ ఇదే చెప్తారు" అని ఒప్పుకోలేదు. ఆయన్ని కూడా తప్పుపట్టలేను. మొత్తం కలిపి అరవై ఎనిమిది వచ్చింది. పరీక్ష రాస్తాను అత్తమ్మా! ఇకమీదట నాకొక్కదానికి కాగితం పంపి సంతకం తీసుకుంటామని కమలాకర్ సారు అన్నారు. ఆ కాగితం డెబ్బై మంది చేతులు దాటి నా దగ్గరికి రావాలి. నాకొక్కదానికే ఎందుకని అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. 'వద్దు సార్, నేనే పలుకుతాను' అని చీటీ మీద రాసిచ్చాను. రాసిచ్చాక భయమేసింది.

సోమవారం కృష్ణకాంత్ సార్ క్లాసు. హాజరు సరిచేయనన్నది ఆయనే. నలభై దగ్గర ఊపిరి బిగబట్టాను. నలభై మూడు, నలభై నాలుగు. గొంతులో ఏదో కూడుకుంటోంది. ఇంక ఆపడం నా చేతిలో లేదు. సారు "ఫార్టీ సిక్స్" అన్నారు.

"ప్రెజెంట్ సార్!"

అది నేనే. నలభై ఆరు మమతది.

డెబ్బై తలలు వెనక్కి తిరిగాయి. మమత బదులు పలకడానికి పూజ అప్పటికే నోరు తెరిచి ఉంది, అట్లానే ఉండిపోయింది. సారు మొదటిసారి తల ఎత్తి చూశారు. "నువ్వు మమతవా?" అన్నారు. లేచి నిలబడ్డాను అనుకుంటా. "కాద్సార్. నేను నలభై ఏడు. మమత రాలే సార్, హాస్టల్ల పండుకున్నది" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది, చచ్చేంత భయంతోనే నవ్వొచ్చింది. మహేష్ "ఓ మేడమ్, నీకు మాటలొచ్చా!" అన్నాడు. సారు నవ్వలేదు. నలభై ఆరుకు ఆబ్సెంట్, నలభై ఏడుకు ప్రెజెంట్ వేసి, "కూర్చో" అన్నారు. సాయంత్రం మహేష్ నోట్‌బుక్ అడిగితే ఇస్తూ చూశాను. తేదీ ఉంది, దాని కింద ఏమీ లేదు. రాయడం మరిచిపోయాను.

మంగళవారం మళ్లీ గొంతు రాలేదు. చెయ్యి సగం ఎత్తాను, సారు చూశారు. ఈరోజు వచ్చింది, సన్నగా. రేపటి సంగతి తెలియదు.

మమత మాత్రం రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఈ ఏడాది దానికి పడిన మొదటి ఆబ్సెంట్ నావల్లే అని మంచం అటు జరుపుకుంది. నాకు బాధగానే ఉంది గానీ, చూశావా అత్తమ్మా, ఒక మనిషి నా మీద అలిగేంత మాట నేను అన్నాను!

బాపును ఆదివారం మధ్యాహ్నం నిద్ర లేచాక ఫోన్ చేయమను. ఎత్తుతానని మాట ఇవ్వలేను. ఎత్తకపోతే పెట్టేయవద్దని చెప్పు, జర సేపు మోగనివ్వమను.

నీ కోడలు,
నలభై ఏడు